గోధుమ లేని మఫిన్ల పండుగ

పోయిన ఏడాది అక్టోబరులో ఎర్రమద్ది పట్టణానికి శరదృతువు మంజూరైంది. అంతకుముందు మా ఊరికి ఆ ఋతువు లేదని కాదు. పంచాంగంలో ఉండేది. పంచాంగంలో ఉన్నవాటికి నిధులు రావు కనుక ఎవరూ పట్టించుకోలేదు.

దీనికి కారకులు మా మునిసిపల్ కమిషనర్ పద్మనాభంగారు. అంతకు ముందు ఏడాది ఆయన ఆరోగ్య పట్టణాల శిక్షణ కోసం ఒక చలిదేశం వెళ్ళి వచ్చారు. అక్కడ ఒక చిన్న ఊరి కూడలిలో చెట్ల ఆకులు పసుప్పచ్చగా రాలుతుంటే జనం నిలబడి యాపిల్ మఫిన్లనే చిన్న గుండ్రటి కేకులు తింటున్నారట. ఆ మఫిన్లలో గోధుమ లేదని, గోధుమ లేదు గనుక గ్లూటెన్ అనేది కూడా లేదని, అందుకే ఆ ఊరివాళ్ళ బుగ్గలు అంత ఎర్రగా ఉన్నాయని ఆయనకు అక్కడికక్కడే బోధపడింది. ఆ ఎరుపు చలివల్ల వచ్చిందని వెంట వెళ్ళిన ఇంజనీరు అన్నాడు గాని, ఆ ఇంజనీరు డ్రైనేజీ విభాగంవాడు.

తిరిగి వచ్చాక కమిషనర్‌గారు ఉత్తర్వు ఇచ్చారు. ‘ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఎర్రమద్ది పురపాలక సంఘ పరిధిలో అక్టోబరు మాసము శరదృతువుగా పరిగణింపబడును. సదరు ఋతువునందు గ్లూటెన్ రహిత యాపిల్ మఫిన్ల పంపిణీ ద్వారా ప్రజారోగ్యము పెంపొందింపబడును.’

గోధుమ లేకుండా మఫిన్ చేయగలవాళ్ళు ఊళ్ళో ఎవరున్నారని వాకబు చేస్తే ఒకే పేరు వచ్చింది. ఆర్టీసీ బస్టాండు పక్కన బేకరీ నడిపే మాబున్ని.

మాబున్ని సరదాకి నేర్చుకున్న విద్య కాదది. ఆమె కూతురు నజ్మాకు ఆరేళ్ళు వచ్చేదాకా ఒళ్ళు పట్టలేదు. ఎప్పుడూ కడుపునొప్పి, విరేచనాలు. పురుగుల మందు పట్టించారు, తాయెత్తు కట్టించారు. చివరికి పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ పరీక్షలు చేయించి, గోధుమ ఈ పిల్ల పేగులకు పడదనీ, చిటికెడు కూడా తగలనీయొద్దనీ, బతికినన్నాళ్ళూ ఇంతేననీ చెప్పింది. బన్నులు, బిస్కెట్లు, కేకులు చేసి అమ్మే ఇంట్లో పుట్టిన పిల్లకు అదీ జబ్బు.

మాబున్ని ఆ రోజే ఇంట్లో వేరే పొయ్యి, వేరే గిన్నెలు పెట్టింది. బేకరీ నుంచి వచ్చి తలస్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే కూతుర్ని దగ్గరికి తీసుకునేది. బియ్యప్పిండితో కేకు చేస్తే రాయిలా వచ్చింది. జొన్నపిండి కలిపితే ఇసకలా రాలింది. అవిసె గింజలు నూరి నానబెట్టి కలిపితే కొంచెం ముద్ద కట్టింది. ఆమె భర్త మౌలాలి లారీ డ్రైవరు. ఏటా అక్టోబరు రోజుల్లో ఉత్తరాది నుంచి యాపిల్ లోడు తెస్తాడు. దెబ్బ తగిలిన కాయలు ఇంటికి వస్తాయి. వాటిని తురిమి, దాల్చినచెక్క పొడి వేసి, ఆ పిండిలో కలిపి కాల్చింది. యాపిల్ తడికి కేకు మెత్తగా నిలబడింది. రంగు మట్టిరంగు, ఎత్తు పెద్దగా లేదు. నజ్మా మాత్రం ఒకటి తిని ఇంకోటి అడిగింది. ఆ ఏడాది నుంచి పిల్ల తేరుకుంది. ఉత్తర్వు వచ్చేనాటికి తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి.

ఒంటికి నయమైంది గాని ఇంకో బాధ మిగిలింది. బడిలో ఎవరి పుట్టినరోజైనా కేకు పంచుతారు. నజ్మా చేతులు వెనక పెట్టుకుని నిలబడుతుంది. ఆమె డబ్బాలోది ఎవరూ తినరు, రోగం అంటుకుంటుందని ఎవరో చెప్పారు. “అందురితోపాటు ఒక్కసారన్న తినల్ల మా” అని ఒకటి రెండుసార్లు అడిగి, అడగడం మానేసింది.

అందుకే కమిషనర్‌గారు జీపు దిగి బేకరీలోకి వచ్చి, “ఏమ్మా, నువ్వే గదా మాబున్నివి? గోధుమ లేని మఫిన్ చేస్తావటగా!” అన్నప్పుడు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“మఫీనో ఏమో సార్. నా బిడ్డకని చేస్తా” అంది.

ఆయన ఒకటి తిన్నారు. కళ్ళు మూసుకున్నారు. “అదే రుచి. ఇది ఊరంతా తినాలి. నీ బిడ్డే మా మొదటి లబ్ధిదారు.”

“బడిలో కూడా ఇస్తారా సార్?”

“బడి, గుడి, మసీదు, ఆఫీసు... ఆరోగ్యానికి ఎల్లలు లేవమ్మా.”

ఆ సాయంత్రం మాబున్ని బేకరీకి వచ్చిన ప్రతివాళ్ళకీ ఆ మాట చెప్పింది.

మరుసటి సోమవారం పురపాలక సమావేశం జరిగింది. పథకం పెట్టాలంటే ముందు గ్లూటెన్ అంటే ఏమిటో నిర్వచించాలి. కమిషనర్‌గారు ఆరోగ్యాధికారి ఎలీషాగారి వైపు తిరిగారు.

“గ్లూటెన్ ఎలా ఉంటుంది?”

“కంటికి కనపడదు సార్. గోధుమపిండిలో జిగురుగా ఉంటుంది.”

“కనపడనిది లేదని ఎలా నిరూపిస్తాం?”

ఎలీషాగారు అనుభవజ్ఞులు. “లేదని రాసి ముద్ర వేస్తే చాలు సార్. ఉందని ఎవరూ చూపించలేరు.”

సభ హర్షం వెలిబుచ్చింది. మఫిన్ల సంగతి తేలేలోపు ముద్రలు సిద్ధమయ్యాయి గనుక వాటిని ఖాళీగా ఉంచడం వృథా అని, ఊళ్ళో తినుబండారాలన్నింటికీ గ్లూటెన్ రహిత ధ్రువపత్రాలు ఇవ్వడం మొదలుపెట్టారు. మొదటిది ఇడ్లీ బండి నడిపే వన్నూరప్పకు వచ్చింది.

“ఇడ్లీలో గోదుమలు ఎప్పుడుండె సార్?” అన్నాడతను.

“ఎప్పుడు ఉండేవన్నది మాకు అనవసరం. ఇకమీదట ఉండవని పురపాలక సంఘం హామీ ఇస్తోంది” అన్నారు ధ్రువపత్రం తెచ్చిన ఎలీషాగారు.

ఆ తర్వాత మజ్జిగకు, కొబ్బరిబోండాలకు, నీళ్ళ ట్యాంకర్లకు ఇచ్చారు. సిమెంటు దుకాణంవాళ్ళు వచ్చి అడిగితే, సిమెంటులో గోధుమ లేదన్నది వాస్తవమే కనుక కాదనలేకపోయారు. బస్టాండు ఎదుట చపాతీ హోటలతను కూడా దరఖాస్తు పెట్టాడు. ఊరంతటికీ ఇచ్చి ఒక్కడికి ఇవ్వకపోతే వివక్ష అవుతుందని న్యాయ సలహాదారు అభిప్రాయపడ్డారు. అతనికీ ఇచ్చారు. చపాతీలు కాల్చే పెనం పైన, గోడకు, ఆకుపచ్చ అక్షరాల బోర్డు వేలాడింది.

అది చూసి మాబున్నికి మొదటిసారి భయం వేసింది. ఇంటికి పోయి, “ఆ బోర్డులు చూసి యాడా ఏం తినగాకు పాపా” అని కూతురితో చెప్పింది.

పదిరోజులకు మఫిన్ల ఎంపిక జరిగింది. కమిషనర్‌గారి ఫోనులో చలిదేశపు మఫిన్ ఫోటో ఉంది. బంగారు రంగు, గోపురంలా పొంగిన తల. ఆ ఫోటోయే ప్రమాణం. ఎలీషాగారు స్కేలు తీసుకుని మాబున్ని మఫిన్ కొలిచారు.

“ఎత్తు చాలదు. రంగు కూడా ప్రమాణానికి విరుద్ధం” అన్నారు.

“గోదుమ లేకుంటే అంత పొంగదు సార్. ఆ జిగురు ఉంటేనే పొంగేది” అంది మాబున్ని.

కమిషనర్‌గారు నవ్వారు. “పొంగకపోవడం ఈ ప్రభుత్వ విధానం కాదమ్మా. పైగా లబ్ధిదారు నీ కూతురు. తల్లి చేసింది కూతురికి పెట్టడం స్వప్రయోజనం కిందికి వస్తుంది. నిబంధనలు ఒప్పుకోవు.”

బడులకు బన్నులు సరఫరా చేసే నరసింగప్ప చేసిన మఫిన్, ఫోటోలో ఉన్నదానికన్నా ఒక గీత ఎక్కువే పొంగింది. పని అతనికి దక్కింది. బయటికి వచ్చాక మాబున్ని అతన్ని నిలేసింది.

“ఏమన్నా, దేంతో చేసినావు?”

“మైదాతోనే అక్కా. ఇంకేంతో చేస్తారు?” అన్నాడు నరసింగప్ప. అతను అబద్ధమాడే మనిషి కాదు. “వాళ్ళకూ చెప్పినా. మైదా వాడుకో, డబ్బామీద మాత్రం రాయి అన్నారు.”

మాబున్ని తిన్నగా ఎలీషాగారి గదిలోకి వెళ్ళింది. ఆయన ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించి, సంగతంతా ఓపిగ్గా వివరించారు. నరసింగప్ప మఫిన్లలో మైదా ఉన్నమాట నిజమే. మైదా గోధుమ నుంచి వచ్చేమాటా నిజమే. అయితే అందులో మైదాను ఆహారంగా వాడలేదు. మఫిన్‌ను పొంగించడానికి వాడారు. కనుక అది ‘పొంగుడు సహాయకం’. పొంగుడు సహాయకాలు గోధుమ లెక్కలోకి రావని మొన్ననే తీర్మానం అయింది.

“బిడ్డ కడుపుకు తెల్సునా సార్, తీర్మానం అయిందని?”

“అవగాహన కార్యక్రమాలు కూడా ఉన్నాయమ్మా” అన్నారు ఎలీషాగారు.

ఈలోగా ఋతువు తాలూకు ఏర్పాట్లు చురుగ్గా సాగాయి. పండుగ సభ పెట్టి, ముఖ్య అతిథి చేత నజ్మాకు వేదికమీద తొలి మఫిన్ తినిపించాలని నిశ్చయమైంది. ఆ సభ జరిగే హైస్కూలు మైదానంలో వేపచెట్లు ఉన్నాయి గాని ఆకు రాల్చలేదు. రోజూ ఆకులు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులకు, వారంపాటు ఊరి తోటల్లోంచి పండుటాకులు ఏరి తెచ్చి మైదానంలో చల్లే పని అప్పగించారు. అలవాటు కొద్దీ ఊడ్చినవాళ్ళకు మెమోలు వెళ్ళాయి. సిబ్బంది అందరూ ఉన్నిబట్టల్లో హాజరు కావాలన్నారు. ఎండ మండిపోతున్నా క్రమశిక్షణలో ఎవరూ తగ్గలేదు.

సభకు ముందురోజు మాబున్ని మళ్ళీ కమిషనర్‌గారి దగ్గరికి వెళ్ళింది. ఈసారి కూర్చోలేదు.

“నా బిడ్డ ఆ మఫీను తినదు సార్. స్టేజీ మీదికి రమ్మంటే వస్తాది. తినేది మాత్రం కాదు.”

కమిషనర్‌గారు చెడ్డమనిషి కారు. ఆయనకూ బాధ కలిగింది. “చూడమ్మా, గ్లూటెన్ పడదని ఆసుపత్రి చీటీ ఉన్నది ఊరు మొత్తానికి నీ బిడ్డకే. ఉన్న లబ్ధిదారు ఒక్కతే. ఆమె తింటే పథకం నూటికి నూరు శాతం జయప్రదం. తినకపోతే సున్నా. మధ్యలో అంకె లేదు. నా పరిస్థితి నువ్వు అర్థం చేసుకోవాలి.”

“తింటే మంచం పడ్తాది సార్. మళ్ళా లేసేకి నెల పడ్తాది.”

“అది ఆసుపత్రి పరిధి” అన్నారాయన నిజాయితీగా.

మాబున్ని బయటికొచ్చి గేటు పక్కన అరుగుమీద కాసేపు కూర్చుంది. సభకు బిడ్డను తీసుకుపోకుండా ఉంటే? బేకరీ లైసెన్సు వాళ్ళ చేతిలో ఉంది. పైగా నజ్మా అప్పటికే తెల్ల గౌను ఇస్త్రీ చేయించుకుంది. జీవితంలో తొలిసారి ఒక తినే పండక్కి ఆ పిల్లను పేరుపెట్టి పిలిచారు. లేచి నరసింగప్ప ఇంటికి వెళ్ళి అడిగింది.

“నా మఫీను ఒకటి నీ పళ్ళెంలో పైన, నీవాటికి తగలకుండా ఆకేసి పెట్టన్నా. అదే నా బిడ్డకు అందేటట్ల చూడు.”

“నాకూ ఆడబిడ్డలుండారు అక్కా. ఇయ్యి, పెడ్తా” అన్నాడు.

పండుగ రోజు మైదానం నిండింది. ముఖ్య అతిథి వచ్చారు. పండుటాకుల మీద ఎర్రతివాచీ పరిచారు. నజ్మా వేదికమీద మొదటి కుర్చీలో కూర్చుని కాళ్ళు ఊపుతూ, కింద కూర్చున్న తన తరగతి పిల్లలకు చేయి ఊపింది. నరసింగప్ప వెండిరంగు పళ్ళెంతో మెట్లెక్కాడు. బంగారు గోపురాల మధ్య, ఆకుమీద, ఒక పొట్టి మట్టిరంగు మఫిన్ ఉంది.

తుది తనిఖీ బాధ్యత ఎలీషాగారిది. మంకీ టోపీ కింద చెమట కారుతున్నా ఆయన చూపు తప్పలేదు. ఆ ఒక్కదాన్నీ తీసి వాసన చూశారు. చిన్న ముక్క విరిచి నాలుకమీద వేసుకున్నారు. ఆయన ముఖం మారిపోయింది.

“సార్! ఇందులో జొన్నపిండి ఉంది!”

“కల్తీనా?” అన్నారు కమిషనర్‌గారు.

“స్పష్టమైన కల్తీ. పొంగుడు సహాయకం బొత్తిగా లేదు.”

ఆ మఫిన్‌ను సంచిలో వేసి లక్కముద్ర వేశారు. ఎర్రమద్దిలో ఆ రోజు ఉన్న ఒకే ఒక గ్లూటెన్ రహిత మఫిన్ అలా స్వాధీనమైంది. నరసింగప్ప జనంలో ఉన్న మాబున్ని వైపు చూసి తల దించుకున్నాడు.

ముఖ్య అతిథి ఒక గోపురం మఫిన్ తీసి, కెమెరాల వైపు తిరిగి నవ్వుతూ నజ్మా నోటికి అందించారు. “తిను తల్లీ!”

నజ్మా ఆ మఫిన్‌ను చూసింది. మూడేళ్ళనుంచి నేర్చుకున్న పాఠం ఆ పిల్లకు ఒకటే. పెదాలు బిగించేసింది.

“సిగ్గుపడుతోంది సార్” అన్నారు కమిషనర్‌గారు. “నజ్మా, నోరు తెరువమ్మా, ఆ అను.”

నజ్మా తల అడ్డంగా ఊపింది. అతిథి చేయి అలాగే గాలిలో ఉంది. కెమెరాలు ఆగలేదు. కమిషనర్‌గారు వంగి పిల్ల భుజంమీద చేయివేసి, “ఒక్క ముక్క, ఒక్క ముక్క” అని బతిమాలసాగారు. ముందు వరసలో ఎవరో “తిను పాపా!” అన్నారు. ఆ తర్వాత మైదానమంతా అదే కేక. నజ్మా కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి, పెదాలు మాత్రం విడలేదు.

మాబున్ని ఎప్పుడు లేచిందో, పోలీసుల్ని ఎలా దాటిందో ఎవరికీ తెలియదు. వేదికెక్కి, కూతుర్ని వెనక్కి లాగి, ముఖ్య అతిథి చేతిలో ఉన్న మఫిన్‌ను అలాగే నోట కరిచి, మొత్తం తినేసింది. నమలడానికి కొంచెం సేపు పట్టింది.

“బాగుండాది సార్” అంది మూతి తుడుచుకుంటూ. “మా బిడ్డ తిన్నట్లే.”

పద్మనాభంగారు ఇరవై రెండేళ్ళ సర్వీసు ఉన్న అధికారి. మైకు అందుకున్నారు. “లబ్ధిదారు మైనరు అయినందున, ఆమె తరఫున చట్టబద్ధ సంరక్షకురాలు మఫిన్ స్వీకరించడమైనది. పథకం నూరు శాతం జయప్రదం!” చప్పట్లు మోగాయి.

నజ్మా తల్లి నడుం పట్టుకుని, “నువ్వెందుకు తింటివి మా?” అని వెక్కింది. “నాకు పడ్తాది లేవే” అంది మాబున్ని.

ఆ ఏర్పాటు అందరికీ నచ్చింది. ప్రతి బుధవారం మాబున్ని మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళి కూతురి తరఫున రెండు మఫిన్లు తినాలని నిర్ణయమైంది. పౌష్టికాహార పథకం కనుక తిన్నవాళ్ళను తూకం వేయాలి. తిన్నది మాబున్ని గనుక ఆమెనే తూచారు. లబ్ధిదారు నజ్మా గనుక నజ్మా పేరున రాశారు. సెప్టెంబరులో ఇరవై నాలుగు కిలోలున్న బాలిక నవంబరుకల్లా డెబ్బై ఒక్క కిలోలకు చేరింది. ఇంతటి ఎదుగుదల ఏ పథకమూ సాధించలేదని పైనుంచి అభినందనలు వచ్చాయి. ఆ పైన ఒక బృందమే వచ్చింది. వాళ్ళు నజ్మాను ముందుకూ వెనక్కూ తిప్పి చూసి, “చూపుకు కాస్త సన్నగా ఉన్నా, నివేదికలో పుష్టిగా ఉంది” అని సంతృప్తి చెందారు.

అయితే మన దగ్గర ఆరోగ్య విభాగాలు రెండు. రెండోది బడిపిల్లల ఊబకాయం చూసుకుంటుంది. నాలుగో తరగతిలో డెబ్బై ఒక్క కిలోల బాలిక ఉందని వాళ్ళ కంప్యూటరుకు తెలియగానే అత్యవసర ఉత్తర్వు వచ్చింది. ‘సదరు బాలికకు గోధుమ, మైదా మరియు తత్సంబంధిత పదార్థములు తక్షణము నిషేధింపబడినవి. జొన్న, బియ్యపు పిండి, పండ్లతో కూడిన ఆహారమును తల్లియే స్వయముగా వండి పెట్టవలెను. బాలిక చిన్నబుచ్చుకొనకుండునట్లు తరగతి మొత్తమునకు అదియే ఆహారము ఇయ్యవలెను.’

మాబున్ని ఆ ఉత్తర్వును ఎలీషాగారితో మూడుసార్లు చదివించుకుంది.

“ఇది నిజమేనా సార్? నేను చేసిందే పెట్టొచ్చునా? క్లాసు పిల్లోల్లందరికీ?”

“పెట్టకపోతే చర్య తీసుకుంటారు” అన్నారు ఎలీషాగారు గంభీరంగా.

“ఎత్తు కొలస్తారా?”

ఆయన కాగితం తిరగేసి మరగేసి చూశారు. “ఈ విభాగంవాళ్ళ ఉత్తర్వులో ఎత్తు ప్రస్తావన లేదు.”

మరుసటి సోమవారం మాబున్ని పెద్ద స్టీలు బేసిన్ నిండా మఫిన్లు తీసుకుని బడికి వెళ్ళింది. నాలుగో తరగతి పిల్లలు వరసగా కూర్చున్నారు. మొదట ఎవరూ చేయి చాచలేదు. ప్రభుత్వ ఉత్తర్వు అని టీచరు చెప్పాక, రోగం అంటుకున్నా సరేనన్నట్టు ఒక్కొక్కరే తీసుకున్నారు. సుకన్య అనే పిల్ల కొసన కొరికి, ఆగి, మిగతాది ఒక్కసారే నోట్లో వేసుకుంది. వెంటనే పక్కన నజ్మా చేతిలో సగం తిన్న మఫిన్ కనపడింది. అందులో యాపిల్ ముక్క ఎక్కువ పడినట్టుంది. లాగేసుకుని పరుగెత్తింది.

“నాది! అది నాది!” అని నజ్మా వెంటపడింది. సుకన్య జడ పట్టుకుంది. బెంచీలు కదిలాయి. ఇంకో ఇద్దరు కలిశారు. ముక్క చిదికి నలుగురి చేతులకూ అంటుకుంది.

గుమ్మంలో నిలబడ్డ ఎలీషాగారు ‘పంపిణీలో స్వల్ప ఘర్షణ’ అని రాసుకున్నారు. టీచరు బెత్తం అందుకోబోతే మాబున్ని ఆమె చేయి పట్టుకుంది.

“ఉండు మేడం, కొట్టుకోనీ” అంది. “నా బిడ్డ చేతిలోది ఇన్నాళ్ళకు ఒకరు గుంజుకుని తిన్న్యారు.”